గీతంత పొద్దు

ఆ ఇంట్లో దీపం వేయడానికి ఒక పద్ధతి ఉండేది. వీధిలో అందరిళ్లలోనూ లైట్లు వెలిగాక కూడా ఆ ముందుగదిలో వెలిగేది కాదు. మేస్త్రి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, సముద్రపు నీలమేదో అడవి ఆకుపచ్చేదో కంటికి తేడా తెలిసినంతసేపూ పని చేసేవాడు. తేడా తెలియడం మానేశాక బ్రష్షు నీళ్లలో పడేసి, "పొద్దు పోయిందే!" అని లోపలికి ఒక కేక వేసేవాడు. ఆ కేక వినపడ్డాకే భార్య వచ్చి స్విచ్చి నొక్కాలి. ముందే నొక్కితే, "ఇంట్లో భోజనం ఉండగా హోటలుకు పోతామా? పొద్దుండగా దీపమెందుకే?" అనేవాడు.

ఇప్పుడా గదిలో మధ్యాహ్నమే తెర పడిపోతోంది. భోజనం ముగించుకుని, కంచం కడిగి బోర్లించి, చేతులైనా సరిగ్గా తుడుచుకోకుండా ఆవిడ ముందుగదిలోకి వెళ్లి తెర లాగేస్తుంది. తలుపు దగ్గరగా వేసి వచ్చి వంటింట్లో గోడకు చేరగిలబడుతుంది. ఇక మర్నాడు పొద్దున్నదాకా అటు వెళ్లదు. వీధివాళ్లు చూసి, "పాపం, మనిషి పోయిన దిగులు" అనుకుంటున్నారు. దిగులే. కాని ఆ దిగుల్లో ఇంకొకటి కలిసి ఉందని, అది పాలల్లో పడ్డ ఉప్పుకల్లులా అంతా విరగ్గొడుతోందని ఆవిడకొక్కదానికే తెలుసు.

వీధిలో ఆవిడను తొనలమ్మ అంటారు. మేస్త్రి చేసేది గ్లోబులు. బళ్లలో బల్ల మీద పెట్టే గ్లోబులు. కాగితం గుజ్జుతో రెండు డిప్పలు పోసి, ఆరబెట్టి, వాటిని ఒకదానికొకటి అతికించి బంతి చేయాలి. దాని మీద భూమి బొమ్మ అంటించాలి. గుండ్రటి బంతికి చదును కాగితం చుడితే ముడతలు పడుతుంది కనక ఆ బొమ్మ బత్తాయి తొనల్లాగా, కొసలు సన్నగా నడుమ వెడల్పుగా, ముక్కలు ముక్కలుగా అచ్చయి వస్తుంది. వాటిని ఆ ఇంట్లో తొనలనే అనేవాళ్లు. తొనలు కత్తిరించే పని ఆవిడది. కత్తెర పట్టిందంటే గీత మీద చీమ నడిచినట్టు నడిపించేది.

ఆవిడ చదువు అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగింది. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకసారి మేస్త్రి ఊళ్లో లేనప్పుడు, సాయం చేద్దామని తానే జిగురు రాసి తొనలు అంటించింది. ఒక్కో తొన పక్కదాని మీదికి వెంట్రుకవాసి ఎక్కింది. వెంట్రుకలన్నీ కూడి చివరి తొనకు చోటు చాల్లేదు. ఆయన వచ్చి బంతిని తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

"ఒక దేశాన్ని నిలువునా మింగేశావు కదే! అక్కడి జనమంతా ఇప్పుడెక్కడికి పోవాలి?"

"మన పెరట్లోకి రమ్మనండి. చోటుంది" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

ఆ ఇంటికొచ్చాక ఆవిడ ఇచ్చిన మొదటి గడుసు జవాబు అది. మేస్త్రి దాన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వేవాడు. దేశం తగ్గిన ఆ గ్లోబును అమ్మలేదు. ముందుగదిలో బల్లకు ఎదురుగా గూట్లో పెట్టుకున్నాడు.

గ్లోబుకు కింద ఇనప స్టాండు ఉంటుంది. దాని చేతిని ఒక పక్కకు ఒరిగేలా వంచుతారు, భూమి ఒరిగినట్టే. ఒకసారి ఇనప పనివాడు కొత్తగా వచ్చాడు. స్టాండ్ల మూట దించి చెమట తుడుచుకుంటూ, "మేస్త్రీ, ఎవడో చేతకానివాడు అన్నీ వంకరగా కొట్టాడు. ఒక్కోటీ పట్టుకుని నిటారుగా సరిచేసి తెచ్చా. దీనికేం ఇవ్వొద్దులే" అన్నాడు, మహోపకారం చేసినవాడిలా.

మేస్త్రి ఆ మూట వంక చూసి, "ఓరి నాయనా! ఎండాకాలం, చలికాలం రెండూ పీకేశావు కదయ్యా!" అని కూలబడ్డాడు.

అతను వెళ్లిపోయాక తొనలమ్మ అడిగింది. "ఏవండీ, నిటారుగా ఉంటే ఏం? చూడ్డానికి బానే ఉందిగా?"

"రా, ఇలా కూర్చో" అని బల్ల మీద బల్బు పెట్టి, దాని ముందు నిటారు స్టాండు మీది గ్లోబును తిప్పాడు. "చూడు. ఈ బల్బు సూర్యుడు. పొద్దు ఎక్కడికీ పోదు, ఎక్కడినించీ రాదు. తిరిగేది మనమే. భూమి తన చుట్టూ తాను ఒక్క చుట్టు తిరిగితే మనకొక రోజు. తిరుగుతూనే సూర్యుడి చుట్టూ కూడా కాస్త ముందుకి జరుగుతుంది కాబట్టి, ఆయన్ని మళ్లీ నెత్తి మీదికి తెచ్చుకోడానికి ఇంకో నాలుగు నిమిషాలు అదనంగా తిరగాలి. రోజు ఎంత పొడుగన్నది ఆ తిరుగుడు చేతిలో ఉంది. జోరుగా తిరిగితే పొట్టి, నింపాదిగా తిరిగితే పొడుగు. ఆ గురుడున్నాడే, అంత లావుండి కూడా బొంగరమే. మన పది గంటలు కాకముందే ఆయనకి ఒక రోజు అయిపోతుంది. శుక్రుడికి బద్ధకం. పైగా ఎదురు తిరుగుడు. తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోపు సూర్యుడి చుట్టూ తిరిగి రావడమే అయిపోతుంది."

"మా పెద్దత్తలాగా. ఆవిడ తల దువ్వుకునేలోపు అందరూ పెళ్లికెళ్లి వచ్చేసేవాళ్లు."

"అదీ! ఇక పగలెంత, రాత్రెంత అన్నదుందే, అది ఈ వంకర చేతిలో ఉంది. నిటారుగా నిలబడితే ఎక్కడ చూసినా ఏడాది పొడుగునా సగం పగలు, సగం రాత్రి. ఒరిగింది కాబట్టి కొన్నాళ్లు మనవైపు సూర్యుడికేసి వంగుతుంది. అప్పుడు పగలు పొడుగు. తర్వాత అవతలికి వంగుతుంది. అప్పుడు పొట్టి. నడుముకి, ఇదిగో ఇక్కడ, పెద్ద తేడా తెలీదు. కొసలకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది. మరీ కొసన ఆర్నెల్లు పగలే, ఆర్నెల్లు చీకటే."

"ఆర్నెల్లు పగలైతే మీరిక నిద్రపోరు, నన్ను పోనివ్వరు" అంది తొనలమ్మ.

ఆయన నవ్వి ఇంకొకటి చెప్పాడు. అది ఆవిడకు మరీ బాగా గుర్తుండిపోయింది. సాయంత్రం సరిగ్గా అంచు మీద కనపడే సూర్యుడు నిజానికి అప్పటికే దిగిపోయి ఉంటాడట. గాలి వెలుగును వంచి, దిగిపోయినవాణ్ణి ఇంకా ఉన్నట్టు చూపిస్తుందట. "తూకం వేశాక చేతినిండా ఇంకొంచెం వేస్తారు చూడు, అలా. గాలి మనకి వేసే కొసరు ఆ కాస్త పొద్దు."

కొసరంటే ఆడవాళ్లకు చెప్పాలా! ఆనాటినుంచి ఆవిడ సాయంత్రం వంటింటి పని వదిలి, ఆ కొసరు చూడటానికి కిటికీ దగ్గరకు వచ్చేది.

గడిచిన చలికాలంలో మేస్త్రికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట ముద్ద అయింది. మంచం ముందుగదిలోకి మార్చి కిటికీ పక్కన వేశారు, గూట్లో గ్లోబు కనపడేలా. డాక్టరు వెళ్తూ వెళ్తూ, "పగలూ రాత్రీ తేడా తెలియకపోవచ్చమ్మా, కంగారు పడకు" అని ఒక మాట అన్నాడు. తొనలమ్మ అప్పుడు కంగారు పడింది. తర్వాత ఆ మాటను భద్రంగా దాచుకుని వాడుకుంది.

ఒకే కూతురు. వేరే ఊళ్లో బస్సు డిపోలో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడు వచ్చి వెళ్లేది. మిగతా రోజులన్నీ తొనలమ్మవే. పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, దుప్పట్లు ఉతకడం, చెంచాతో జావ పట్టడం, అది మీద పడితే మళ్లీ తుడవడం. మనిషి తనకన్నా బరువు. ఎత్తి ఎత్తి నడుము విల్లులా వంగిపోయింది. రాత్రి ఆయన మూలిగినప్పుడల్లా లేవాలి. ఆవిడకు మిగిలేది ఆయన సాయంత్రం నిద్రలోకి జారుకున్న తర్వాతి కాస్త వ్యవధి. కాని ఆయన పొద్దు ఉన్నంతసేపూ కన్ను మూయడు. జీవితమంతా వెలుగుతో పనిచేసిన ఒళ్లు అది. కిటికీలో వెలుగుంటే పని ఉన్నట్టే దానికి. పడుకోకపోగా పక్కనున్న కుర్చీని ఎడమ చేత్తో తట్టేవాడు.

"కూ...చో. పొద్దు... పోయేదాకా."

చలికాలంలో సరే, పొద్దు పొట్టి. కూర్చునేది. రోజులు ముదిరేకొద్దీ పొద్దు సాగింది. చలికాలమంతా ఎదురింటి నీళ్లట్యాంకు వెనక దిగే సూర్యుడు ఇళ్ల కప్పుల మీదుగా పక్కకు జరుగుతూ జరుగుతూ, ఎండలు ముదిరేసరికి సరిగ్గా వీధి సందుకు ఎదురుగా వచ్చాడు. ఏడాదిలో ఆ రోజుల్లోనే ఆ గదిలోకి సాయంత్రపు ఎండ వస్తుంది. మంచం మీదికి, దుప్పటి మీదికి వస్తుంది. మేస్త్రి దాని కోసమే చూస్తున్నట్టు చూసేవాడు. తొనలమ్మ కుర్చీలో కూర్చుని తూగేది. తల వాలిపోతే ఆయన కుర్చీని తట్టి లేపేవాడు, "చూ...డు" అని. ఆవిడకు ఎండ కనపడేది కాదు, కళ్లలో ఇసుక పోసినట్టుండేది.

ఒకరోజు జావ పట్టి గిన్నె కింద పెట్టింది. కిటికీ నిండా ఎండ. ఇంకా ఎంతసేపు కూర్చోవాలో తలుచుకుంటే ఏడుపొచ్చింది. లేచి తెర లాగేసింది.

"పొద్దు పోయిందండీ" అంది.

మేస్త్రి తెర వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. "స...రే" అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆవిడ కింద చాప వేసుకుని రాయిలా నిద్రపోయింది.

ఒక్కరోజుతో ఆగి ఉంటే అలసట అనుకోవచ్చు. ఆగలేదు. తెర పలచన, ఎండ లోపలికి కనపడుతోందని ఇంట్లో ఉన్న మందపాటి గుడ్డ తీసి తెరకు అస్తరు కుట్టింది. కూర్చుని, దారం ఎక్కించి, కుట్టింది. గోడ గడియారం చప్పుడు చేస్తోందని వంటింట్లోకి మార్చింది. తెర అంచు గోడ దగ్గర విడిపోయి సందు వస్తుంటే పిన్నీసుతో మేకుకు పట్టించింది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్న అరుపులు వినపడితే, "సెలవులు కదండీ, లైట్ల కింద ఆడుకుంటున్నారు" అంది. ఒక అబద్ధానికి కాపలాగా ఎన్ని అబద్ధాలు కావాలో! బయట రోజురోజుకూ పొద్దు సాగుతోంది. లోపల రోజురోజుకూ కుంగుతోంది. ఆవిడ చేతికి రుచి తెలిసింది, తెర ఇంకొంచెం ముందు, ఇంకొంచెం ముందు పడసాగింది.

ఒకనాడు మేస్త్రి అన్నాడు. "ఈ... ఏడు... పొద్దు తొందరగా... పోతోందే."

"అవునండీ. మబ్బులు" అంది తొనలమ్మ.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. డాక్టరు చెప్పనే చెప్పాడు కదా, తేడా తెలియదని, అనుకుని ఆవిడ చాప మీద వాలింది. ఆ నిద్రల్లో ఒకటి రెండుసార్లు కన్ను సగం తెరిస్తే ఎదురుగా గూట్లో, గ్లోబు మీద, చిన్న వెలుగుబిళ్ల పాకుతున్నట్టు కనపడింది. కల అనుకుని మళ్లీ మూసింది.

మేస్త్రి అలాంటి ఒక సాయంత్రమే పోయాడు. ఆవిడ లేచేసరికి గది చీకటిగా, చల్లగా ఉంది. పక్కగోడ మీద రూపాయి బిళ్లంత వెలుగు కదలకుండా ఉంది. ఏ గిన్నె మీంచి పడిందోలే అనుకుంది. పక్క మారుద్దామని చెయ్యి వేస్తే ఒళ్లు చల్లగా తగిలింది. ఊపిరి ఆడటం లేదేమోనని కంగారుగా తెర పక్కకి లాగింది. బయట ఎండ! పిల్లలు ఆడుకునే వేళ, అంతా బంగారంలా ఉన్న ఎండ. భళ్లున గదిలో పడింది, ఆయన మొహం మీద, తెరిచి ఉన్న కళ్ల మీద పడింది. తిరగని భూమి మీద పడ్డట్టు పడింది.

అప్పటినుంచి ఆవిడకు ఎవరు ఏం అన్నా ముల్లే.

"నీలాంటి ఇల్లాలు ఉండబట్టి ఆ మాత్రం బతికాడు" అనేది పక్కింటి అత్తయ్య.

"నాన్నను పువ్వులా చూసుకున్నావమ్మా. నేనైతే చేయలేకపోయేదాన్ని" అనేది కూతురు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఆ మెచ్చుకోళ్లకు చీర కొంగు సర్దుకునేది. గాలికి మనసుంది, దిగిపోయిన పొద్దుకు కొసరు వేస్తుంది. తానేమో తూకంలోనే కొట్టింది. అందులోనూ ఎవరి దగ్గర? పొద్దు తప్ప మరో ఆస్తి లేని మనిషి దగ్గర. తెలియకుండానే పోయాడు, నయం, అని ఒక పక్క అనుకునేది. తెలియని మనిషిని మోసం చేయడం ఇంకా పాపం కదా, అని ఇంకో పక్క. ఆయనకు తెలుసా, తెలియదా? ఆ ఒక్కటి తేలితే చాలనిపించేది. ఏది తేలినా మంచిది కాదనీ అనిపించేది.

కూతురు ఈసారి వచ్చినప్పుడు కొంగు బిగించి ఇల్లు దులిపింది. ముందుగదిలో తెర పట్టుకుని పైకి కిందకి చూసింది.

"అమ్మా, దీనికి అస్తరెందుకు కుట్టావు? ఇంత బరువు కర్టెన్ సినిమా హాల్లో కూడా ఉండదు."

"దోమలకి."

"దోమలు అస్తరు లేకపోతే చించుకుని వస్తాయా? దున్నపోతులేం కాదు కదే తల్లీ!" అని నవ్వి, దాన్ని తీసి పట్టుకెళ్లి ఉతికి, పెరట్లో దండెం మీద వేసింది. పరుపు ఎండలో వేద్దామని ఎత్తితే మంచానికీ గోడకూ మధ్యనుంచి ఏదో జారి టక్కున పడింది. చిన్న గుండ్రటి అద్దం. వెనక రేకు, పక్కన చిన్న పిడి.

"ఇది క్షవరానికి వచ్చే మావయ్యదిగా? ఇక్కడికెలా వచ్చింది?"

"మర్చిపోయుంటాడు" అంది తొనలమ్మ. అద్దంలో తన మొహం కనపడితే బోర్లా తిప్పి గూట్లో పెట్టింది.

కూతురు మధ్యాహ్నం బస్సుకు వెళ్తూ గుమ్మంలో చెప్పింది. "అమ్మా, నువ్వు ఆ గదిలో కాస్త గాలీ వెలుగూ రానీ. లేదంటావా, చీకటి పడేలోపు కర్టెన్ తెచ్చి తగిలించెయ్. వాన వచ్చేలా ఉంటే ముందే తియ్. మర్చిపోకు."

"అలాగే."

ఎండ వాలుతుండగా వీధిలో "చెల్లెమ్మా, ఉన్నావా?" అని గొంతు వినపడింది. క్షవరం అన్నయ్య. మేస్త్రికి గడ్డం గీయడానికి వారం వారం ఇంటికి వచ్చేవాడు. మేస్త్రీ అతనూ ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు, ఈవిడను అతను చెల్లెమ్మా అనేవాడు. మనిషి పోయాక మళ్లీ రాలేదు. ఈవేళ కొట్టు సెలవేమో, ఉతికిన చొక్కా వేసుకుని, ఏం చెప్పాలో తోచనివాడిలా గుమ్మంలో నిలబడ్డాడు.

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మేస్త్రి తట్టే కుర్చీ అది. తొనలమ్మ మంచినీళ్లు ఇచ్చి, గూట్లోంచి అద్దం తీసింది.

"ఇది మీదేనా అన్నయ్యా? పరుపు కింద దొరికింది."

అతను అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. "నాదే. మర్చిపోలేదమ్మా, నేనే ఇచ్చా. బావ అడిగాడు."

"అద్దమెందుకు ఆయనకి?"

అతను కిటికీ వంక చూశాడు. తెర లేదు. ఎండ అప్పటికే కిటికీ గడప దాటి మంచం పట్టె మీదికి ఎక్కింది. "కర్టెన్ తీసేశావా?"

"అమ్మాయి ఉతికింది."

 నీళ్లగ్లాసు కింద పెట్టాడు. "ఆ పిన్నీసు తీసింది కూడా నేనేనమ్మా. బావ తియ్యమన్నాడు. గోడ దగ్గర సందులోంచి ఓ గీతంత ఎండ దుప్పటి మీద పడుతుంది, అది చాలన్నాడు. ఇదిగో, ఇలా..." అని లేచి మంచం అంచున కూర్చుని, ఎడమ చేత్తో అద్దం పట్టి ఎండలో ఒరిగించాడు. ఎదురుగా గూట్లో గ్లోబు మీద గుండ్రటి వెలుగు పడింది. అద్దాన్ని వేళ్లతో కొంచెం తిప్పాడు. వెలుగు సముద్రం దాటింది, నేల మీదికి ఎక్కింది, మళ్లీ సముద్రంలో దిగింది.

తొనలమ్మ ఆ వెలుగుబిళ్ల వంక చూసింది. కల కాదది.

"'లేచి దాన్ని తిప్పే ఓపిక లేదు బావా, అందుకని సూర్యుణ్ణే తిప్పుతున్నా' అనేవాడు. ఎంత నవ్వో!"

"ఆయన మాట మీకెలా అర్థమయ్యేది?"

"నా పనేంటి తల్లీ? నోటినిండా నురగతో మాట్లాడేవాళ్ల మాటలు వినడమేగా. బావ మాట వాళ్ల మాటకన్నా నయం."

"అయితే... తెలుసన్నమాట."

"తెలీకపోవడమా!" అన్నాడతను, ఆశ్చర్యపోతూ. "అరచెయ్యి అడ్డం పెట్టి సూర్యుణ్ణి ఆపుతామా చెల్లెమ్మా? అందులోనూ బావ దగ్గర? మొదటిరోజే తెలుసు. 'మా ఇంటావిడ మమ్మల్నందర్నీ గురుగ్రహానికి మార్చేసింది బావా, అక్కడ రోజు పది గంటలకే అయిపోతుంది' అన్నాడు. 'చెప్పొచ్చుగా బావా, తెర తియ్యమని' అన్నా నేను. 'వద్దు. ఆ కాసేపే అది పడుకునేది. గురక పెడుతుంది, వింటుంటే బాగుంటుంది' అన్నాడు. నువ్వు లేస్తావని అద్దం దుప్పటి కింద దాచేసేవాడు, దొంగసిగరెట్టు దాచినట్టు."

ఆవిడ నవ్వుతుందని చూశాడతను. ఆవిడ నవ్వలేదు. స...రే, అన్న ఆ మాట చెవిలో మోగుతోంది. తాను మోసం చేశాననుకుంది ఇన్నాళ్లూ. ఆయన మోసపోలేదు, ఒప్పుకున్నాడు. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుని, ఆవిడ గురక మొదలయ్యేదాకా ఆగి, కిటికీ నిండా ఎండ తనకు రావలసిన మనిషి ఓ గీత ఏరుకుని సరిపెట్టుకున్నాడు. తెలియదనుకున్నప్పుడు భారం ఒక పక్కనే ఉండేది, ఇప్పుడు రెండు పక్కలా ఉంది.

"అన్నయ్యా, ఒక్కమాట. నిజం చెప్పాలి. కోపంగా అన్నారా ఎప్పుడైనా?"

"ఛఛ! కోపమా!"

"నా మీద ఒట్టు."

అతను అద్దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చెప్పడం ఇష్టం లేనట్టు కాళ్ల వంక చూసుకున్నాడు. అబద్ధం చేతకాని మనిషి. "కోపం కాదమ్మా. చివరిసారి వచ్చినప్పుడు ఒకమాట అన్నాడు. 'పొద్దుదేముంది బావా, అది ఎలాగూ వచ్చి పోతుంది. పోయేదాకా మా ఇంటావిడ పక్కన కూర్చునుంటే బాగుండు...' అన్నాడు. అంతే. అని వెంటనే, 'పాపం, దానికి నడుం నొప్పి' అని కూడా తానే అన్నాడు."

తొనలమ్మ తల ఊపింది. అడిగింది తానే, వినాల్సిందే. కళ్లనీళ్లు రాలేదు. వస్తే తేలిక అయ్యేది.

అతను లేచాడు. అద్దం తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఉండనీ. నాకు ఇంకోటి ఉంది. నేను చెప్పకుండా ఉండాల్సిందేమో."

"లేదన్నయ్యా. చెప్పి మంచిపని చేశారు." గుమ్మందాకా వెళ్లి సాగనంపింది.

తిరిగి వచ్చేసరికి ఎండ మంచం నడుమకు పాకింది. పరుపు లేని మంచం, ఉత్త చెక్కలు. ఆవిడ కుర్చీని మంచం దగ్గరకు జరుపుకుని కూర్చుంది. ఆయన ఉన్నప్పుడు కూర్చున్నట్టు కాకుండా, కిటికీకి మొహం పెట్టి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. నడుము నొప్పిపుట్టింది. పుట్టనీ అనుకుంది. తూగు రాలేదు. కావలసినప్పుడు రాని మెలకువ ఇప్పుడు ఊరికే వచ్చి పక్కన కూర్చుంది.

వీధిలో పిల్లలు అరుస్తున్నారు. సూర్యుడు ఇప్పుడు సరిగ్గా సందుకు ఎదురుగా లేడు, నీళ్లట్యాంకు వైపు తిరుగుప్రయాణం మొదలుపెట్టాడు. పగళ్లు తరుగుతున్నాయి. ఇంకొన్నాళ్లు పోతే ఈ ఎండ గదిలోకి రావడం మానేస్తుంది. భూమి ఒరుగుడు అంతే, ఎవరి కోసమూ నిటారుగా నిలబడదు.

పెరటి గోడ అవతలనుంచి పక్కింటి అత్తయ్య కేకేసింది. "అమ్మాయ్! మీ కర్టెన్ ఎప్పుడో ఆరింది. వాన పడితే మళ్లీ తడుస్తుంది. తియ్యవే!"

"చూశానత్తయ్యా" అంది తొనలమ్మ, కూర్చున్నచోటినుంచే.

"చూస్తే అదే నడిచొచ్చి తగులుకుంటుందా? పోనీ, నన్ను తీసి గోడ మీదినించి ఇమ్మంటావా?"

"వద్దండీ. అక్కడే ఉండనీ."

అత్తయ్య ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్లింది. సూర్యుడు ఎదురింటి కప్పు అంచు మీద ఎర్రగా నిలబడ్డాడు. ఇప్పటికే దిగిపోయి ఉంటాడు, ఇది కొసరు, అనుకుంది. అదీ అయిపోయింది. అయినా లేవలేదు. గూట్లో గ్లోబును చూస్తూ కూర్చుంది. నీలం ఇంకా నీలంగానే ఉంది, ఆకుపచ్చ ఆకుపచ్చగానే. తాను మింగేసిన దేశం ఉండాల్సిన చోట అతుకు కనపడుతోంది. అది కనపడటం మానేసింది. తర్వాత నీలం, ఆకుపచ్చ కలిసిపోయాయి. అన్ని ఇళ్లలోనూ లైట్లు వెలిగాయి.

"పొద్దు పోయిందండీ" అంది, ఖాళీ మంచంతో.

ఈసారి అది నిజం. స...రే అనే మనిషి లేడు. ఆవిడ లేచి స్విచ్చి నొక్కింది. కిటికీ నల్లగా, తెర లేకుండా ఉంది. పెరటి తలుపు దాకా వెళ్లింది. దండెం మీద తెర చీకట్లో మనిషంత బరువుగా వేలాడుతోంది. కాసేపు దాన్ని చూసి, తలుపు గడియ పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.